కొండమీది పల్లెకు నగరం నీళ్లు ఎక్కించాలా, వాననీళ్లే పట్టుకోవాలా?

రాళ్లబాట: నగరం నీటి గొట్టం కొండ కిందిదాకా వచ్చింది. పైన 40 ఇళ్లు, ఎత్తు 80 మీటర్లు. ఏది మేలు?

ఎత్తిపోత: ఎక్కించడమే. ఇంటికి ఐదుగురు, మనిషికి 55 లీటర్ల చొప్పున రోజుకు 11,000 లీటర్లు. మోటారు, పంపు కలిపి సగం సామర్థ్యంతో నడిచినా రోజుకు 5 యూనిట్ల కరెంటు. గొట్టంలో రాపిడికి ఇంకొకటి వేసుకోండి. మోటారు మాత్రం కిందే ఉండాలి. పైన పెట్టి పీలిస్తే 7 మీటర్లకు మించి నీళ్లు రావు.

నగరం లైనుకు నేరుగా బిగించొద్దు. లైనులో ఒత్తిడి పడిపోతే, అతుకుల దగ్గర మురుగు లోపలికి లాగేస్తుంది. మధ్యలో సంపు తప్పదు.

వానచుక్క: కరెంటు ఖర్చు ఎవరడిగారండీ? ఊరి చివరి లైనుకు నీళ్లు వంతులవారీగా వస్తాయి. రాని రోజు ఆ మోటారు ఏం తోడుతుంది? 60 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే, ఐదో వంతు పోయినా 38,400 లీటర్లు మిగులుతాయి.

ఎత్తిపోత: ఇంటి వాడకం ఏడాదికి లక్ష లీటర్లు! పైగా ఐదు నెలలు వాన లేకపోతే ఇంటికి 41,000 లీటర్ల తొట్టి కావాలి. బండరాతిలో తవ్వేదెవరు?

వానచుక్క: అన్నిటికీ వాననీళ్లేనని నేననలేదు. తాగడానికి, వంటకు మనిషికి 10 లీటర్లు చాలు. ఆ ఐదు నెలలకు 7,500 లీటర్ల తొట్టి సరిపోతుంది. తొలివానను బయటికి వదిలేయాలి, మూతకు దోమతెర ఉండాలి.

పైపుపని: ఇద్దరూ అసలు గండాన్ని వదిలేశారు. కరెంటు పోగానే పైకి వెళ్తున్న నీళ్లు ఆగి వెనక్కి తిరుగుతాయి, నీళ్లను వెనక్కి రానివ్వని మామూలు నాన్-రిటర్న్ వాల్వ్ రెక్క దబ్బున పడుతుంది. సెకనుకు 1 మీటరు వేగంతో పోయే నీళ్లు ఒక్కసారిగా ఆగితే, ఇనుప గొట్టంలో సుమారు 100 మీటర్ల నీటికి సరిపడా ఒత్తిడి అదనంగా పడుతుంది. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ గొట్టంలో అందులో మూడో వంతే, కానీ పీఎన్ 10 రకం తట్టుకునేది పది బార్లే (బారంటే సుమారు 10 మీటర్ల నీటి ఒత్తిడి). 80 మీటర్ల ఎత్తుకు నిలకడ ఒత్తిడే ఎనిమిది. కింది సగానికి పీఎన్ 16 వేయండి, నీళ్లు వెనక్కి తిరిగేలోపే మూసుకునే స్ప్రింగు వాల్వ్ పెట్టండి. గొట్టం గుట్టలా లేచిన ప్రతిచోటా గాలి వాల్వ్ ఉండాలి.

రాళ్లబాట: మరి వాడిన నీళ్ల సంగతి?

పైపుపని: బండమీద ఇంకుడుగుంత పనిచేయదు, వాలులో కింద ఊటగా బయటపడుతుంది. మీ నేల నీళ్లు ఇంకించుకుంటుందో లేదో తెలియాలంటే, గొట్టం కొనకముందే ఒక గుంత తవ్వి, రాత్రంతా నీళ్లతో నాననిచ్చి, పొద్దున మళ్లీ నింపి గంటకెంత దిగిందో కొలవండి.