కొలెస్ట్రాల్ తగ్గడానికి ఉదయం స్మూతీ: గ్లాసులో ఏమి వేయాలి, ఏమి మానాలి?

ప్రశ్న: గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మా నాన్నగారి వయసు 58 సంవత్సరాలు. ఇటీవల చేయించిన లిపిడ్ ప్రొఫైల్‌లో (రక్తంలోని కొవ్వుల పరీక్ష) ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 148, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) 210, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36 అని వచ్చింది. మధుమేహం లేదు కానీ రక్తపోటుకు మాత్ర వాడుతున్నారు. మూడు నెలలపాటు ఆహారం మార్చుకుని, రోజూ నడిచి, మళ్ళీ పరీక్ష చేయించుకుని రమ్మనీ, అప్పటికీ తగ్గకపోతే మాత్ర మొదలుపెడదామనీ డాక్టరు గారు చెప్పారు.

నాన్నగారికి ఉదయం టిఫిను అయ్యాక ఒక పెద్ద గ్లాసు పండ్ల పానీయం తాగడం చాలాకాలంగా అలవాటు. చిక్కటి గేదె పాలలో అరటిపండు, సపోటా, నాలుగు ఖర్జూరాలు, ఒక పెద్ద చెంచా తేనె వేసి మిక్సీలో తిప్పి ఇస్తాము. ఒంటికి మంచిదనే నమ్మకంతోనే ఇన్నాళ్ళూ ఇస్తూ వచ్చాము. ఇప్పుడు దానిని పూర్తిగా మానమంటే ఆయన ఒప్పుకోవడం లేదు. అందువల్ల అదే గ్లాసును కొలెస్ట్రాల్ తగ్గడానికి ఉపయోగపడే స్మూతీగా మార్చుకోవచ్చునా అని అడుగుతున్నాను. ఓట్స్ అని ఒకరు, అవిసె గింజలని ఒకరు, మెంతులని మరొకరు, పచ్చి పాలకూర అని ఇంకొకరు చెబుతున్నారు. వీటిలో దేనికి నిజంగా ఆధారం ఉన్నది? మా అమ్మ థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. ఆమె కూడా అదే పానీయం తాగవచ్చునా?

జవాబు: తార్నాక వాసి

గోదావరి గట్టు గారికి నమస్కారం. నేను పోషకాహార శాస్త్రం చదువుకున్నాను, వైద్యుడిని కాను. కనుక మందు విషయం మీ డాక్టరు గారికే వదిలి గ్లాసు విషయం మాత్రమే చెబుతాను.

కొత్తగా ఏమి కలపాలో ఆలోచించే ముందు ఇప్పుడు ఆ గ్లాసులో ఉన్నదేమిటో లెక్క వేయండి. పావు లీటరు గేదె పాలలో దాదాపు 16 గ్రాముల కొవ్వు ఉంటుంది, అందులో పది గ్రాముల వరకు సంతృప్త కొవ్వే (ఎల్‌డీఎల్‌ను పెంచే రకం). రోజుకు 2000 కేలరీలు తినే మనిషి ఎల్‌డీఎల్ తగ్గించుకోవాలంటే సంతృప్త కొవ్వును 13 గ్రాముల లోపు ఉంచుకోవాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచిస్తున్నది. అంటే ఇడ్లీలోకి నెయ్యి, మధ్యాహ్నం పెరుగు, సాయంత్రం టీ లెక్కలోకి రాకముందే ఆ రోజు వాటాలో ముప్పాతిక భాగం ఈ గ్లాసుతోనే ఖర్చయిపోతున్నది. ఇక అరటిపండు, సపోటా, ఖర్జూరాలు, తేనె కలిస్తే చక్కెర సుమారు 60 గ్రాములు అవుతుంది. మీ నాన్నగారి ట్రైగ్లిజరైడ్లు 210 ఉన్నాయి కనుక ఈ చక్కెరను తేలికగా తీసుకోవడానికి వీలు లేదు. కాలేయం తనకు అవసరమైన దానికంటే ఎక్కువగా వచ్చిన చక్కెరను కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. తేనె సహజమైనది కనుక ఫరవాలేదనే మాట ఇక్కడ పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తేనెలోని చక్కెరను కూడా విడిగా కలిపిన చక్కెరతోనే జమకట్టింది. కాబట్టి మీ నాన్నగారి విషయంలో చేర్చవలసిన వాటికంటే తీసివేయవలసినవి ముఖ్యం అని నా అభిప్రాయం.

ఇక చేర్చవలసిన వాటిలో ఆధారం గట్టిగా ఉన్నది కరిగే పీచుకు, అందులోనూ ఓట్స్, బార్లీలలో ఉండే బీటా గ్లూకాన్‌కు. నీటిలో నానినప్పుడు ఓట్స్‌కు వచ్చే జిగురు అదే. కాలేయం కొలెస్ట్రాల్‌ను ఉపయోగించి పిత్తామ్లాలను తయారు చేసి, కొవ్వు జీర్ణం కావడానికి పేగులోకి వదులుతుంది. మామూలుగా ఈ పిత్తామ్లాలలో అధిక భాగం చిన్న పేగు చివరి భాగంలో తిరిగి గ్రహించబడి కాలేయానికే చేరుతుంది. జిగురు పీచు ఉన్నప్పుడు అవి దానిలో చిక్కుకుని కొంతమేరకు మలంతోపాటు బయటికి పోతాయి. ఆ లోటు తీర్చడానికి కాలేయం తన కణాల మీద ఉన్న గ్రాహకాల ద్వారా రక్తంలోని ఎల్‌డీఎల్‌ను మరికొంత లోపలికి లాక్కుంటుంది. (ఈ గ్రాహకాలను కనిపెట్టినందుకే గోల్డ్‌స్టీన్, బ్రౌన్ అనే శాస్త్రవేత్తలకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. వీటి జన్యువులోనే లోపం పుట్టుకతో వచ్చినవారికి ఎల్‌డీఎల్ 190 దాటి ఉండవచ్చు. వారు స్మూతీల మీద ఆశ పెట్టుకుని మందు వాయిదా వేయకూడదు.)

రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ తీసుకుంటే ఎల్‌డీఎల్ సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుందని అనేక పరిశోధనలు చూపాయి. ఓట్స్ పొట్లాల మీద గుండెకు మేలు అని రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1997లో అనుమతించింది కూడా ఈ 3 గ్రాముల లెక్క మీదనే. అయితే 40 గ్రాముల ఓట్స్‌లో వచ్చేది ఒకటిన్నర గ్రాముకు కాస్త పైన. అంటే ఒక గ్లాసుతో సగమే అవుతుంది, మిగతా సగం మరొక పూట ఓట్స్ ఉప్మా రూపంలోనో, ఉడికించిన బార్లీ రూపంలోనో రావాలి. బార్లీ నీళ్ళు వడకట్టి తాగి గింజలు పారవేస్తే పీచులో ఎక్కువ భాగం వాటితోనే పోతుంది.

మెంతుల సంగతి మన ఊరి సంగతి కనుక ప్రత్యేకంగా చెబుతాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మెంతుల మీద మంచి పరిశోధన చేశారు. చక్కెరతోపాటు కొలెస్ట్రాల్ కూడా తగ్గినట్లు 1990లో ప్రచురించారు. కానీ అందులో మధుమేహ రోగులకు ఇచ్చినది కొవ్వు తీసిన మెంతి పిండి, అదీ రోజుకు 100 గ్రాములు. రాత్రి నానబెట్టిన ఒక చెంచా మెంతులు గ్లాసులో వేసి ఆ ఫలితాన్నే ఆశించడం న్యాయం కాదు. వేస్తే తప్పు లేదు, దానినే నమ్ముకోవద్దు. అవిసె గింజలు వేయదలచుకుంటే పొడి చేసే వేయాలి. గింజలుగా మింగినవి చాలావరకు అరగకుండానే వెళ్ళిపోతాయి. చియా, సబ్జా గింజలు నీటిలో ఉబ్బి కడుపు నింపుతాయి కానీ కొలెస్ట్రాల్ విషయంలో వాటి ఆధారం బలహీనం. రాగులలో పీచు బాగానే ఉన్నా అందులో ఎక్కువ భాగం కరగని రకం కనుక రాగి జావ ఓట్స్‌కు బదులు కాదు.

జవాబు: వంటింటి లెక్క

తార్నాక వాసి గారు చెప్పిన దానికి వంటింటి వైపు నుంచి కొంత చేర్చుతాను. మా ఇంట్లో ఈ పానీయం అలవాటుగా ఉన్నది కనుక కొలతలు ఇస్తున్నాను.

ఓట్స్ 40 గ్రాములు, అంటే సుమారు నాలుగైదు పెద్ద చెంచాలు, అర గ్లాసు నీటిలో ఇరవై నిమిషాలు నాననివ్వాలి. మసాలా కలిపిన పొట్లాలు వద్దు, వాటిలో ఉప్పు ఎక్కువ. డబుల్ టోన్డ్ పాలతో తోడుపెట్టిన పెరుగు అర కప్పు తీసుకోండి. ఆ పాలలో కొవ్వు 1.5 శాతమే ఉంటుంది కనుక గేదె పాలతో పోలిస్తే తేడా చాలా పెద్దది. పండు ఒక్కటే వేయాలి. నా ఓటు జామకాయకు. 100 గ్రాముల జామలో 5 గ్రాములకు మించి పీచు ఉంటుంది, తీపి తక్కువ, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. గింజలు పంటికింద పడతాయనుకుంటే మధ్య భాగాన్ని విడిగా తిప్పి గింజలను మాత్రమే జల్లెడ పట్టండి, మొత్తం పానీయాన్ని మాత్రం ఎప్పుడూ వడకట్టవద్దు. జామ దొరకని రోజుల్లో తొక్కతో సహా యాపిల్ వేసుకోవచ్చు. రాత్రి నానబెట్టిన బాదం పప్పులు ఏడెనిమిది, దోరగా వేయించి కొట్టిన అవిసె పొడి ఒక పెద్ద చెంచా వేసి, చివరన చిటికెడు దాల్చినచెక్క పొడి చల్లితే సరిపోతుంది. అవిసె పొడిని వారానికి సరిపడా మాత్రమే కొట్టుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి, లేకపోతే ముక్క వాసన వస్తుంది.

కలిపిన వెంటనే తాగాలి. పావుగంట ఆగితే చెంచాతో తినవలసినంత గట్టిపడుతుంది. ఆ చిక్కదనం చూసి కంగారుపడి మళ్ళీ పాలు పోయవద్దు, నీళ్ళు పోయండి. కొబ్బరి పాలు కూడా వద్దు. మొక్కల నుంచి వచ్చినవే కదా అని చాలామంది అనుకుంటారు కానీ అందులోని కొవ్వు చాలావరకు సంతృప్తమే.

జవాబు: మందుల చీటీ (ఫార్మసిస్టు, వరంగల్)

మీ అమ్మగారి ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు కనుక రాస్తున్నాను. థైరాయిడ్ మాత్రను పరగడుపున మంచినీళ్ళతో మాత్రమే వేసుకోవాలి. పాలలోని కాల్షియం, పీచు, సోయా ఇవన్నీ ఆ మాత్ర ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. కనుక మాత్ర వేసుకున్నాక కనీసం గంటసేపు ఆగి స్మూతీ తాగమనండి. పీచు కోసం ఇసబ్‌గోల్ కూడా తీసుకోదలిస్తే దానిని నాలుగు గంటల దూరంలో, వీలైతే రాత్రి పూట పెట్టుకోవడం మేలు. ఇసబ్‌గోల్ పొట్టుకు కొలెస్ట్రాల్ తగ్గించే గుణం ఉన్నదనడానికి మంచి ఆధారమే ఉన్నది, దానికి రోజుకు సుమారు 10 గ్రాములు కావాలి. అయితే దానిని నిండు గ్లాసు నీటితో తీసుకోవాలి. తక్కువ నీటితో మింగితే గొంతులోనే ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉన్నది. మింగడానికి ఇబ్బంది ఉన్న వృద్ధులకు అసలు ఇవ్వవద్దు.

నాన్నగారి రక్తపోటు మాత్ర ఏదో మీరు రాయలేదు. టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటివి రక్తంలో పొటాషియం పెంచగలవు. మూత్రపిండాలు సరిగా పనిచేస్తున్నవారికి ఒక పండు వల్ల ఇబ్బంది ఉండదు కానీ క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష) ఎక్కువగా ఉన్నవారు రోజూ ఇటువంటి గ్లాసు మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలి. పచ్చి పాలకూర దోసిళ్ళకొద్దీ వేసుకునే ఆకుపచ్చ స్మూతీలు రోజూ తాగడాన్ని నేను ప్రోత్సహించను. పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ కనుక మూత్రపిండాలలో రాళ్ళు వచ్చినవారికి అది మంచిది కాదు, రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవారికి విటమిన్ కె వల్ల మందు మోతాదు తారుమారవుతుంది. రేపు ఒకవేళ నాన్నగారికి అటోర్వాస్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మాత్ర) రాస్తే గ్రేప్‌ఫ్రూట్‌ను గ్లాసులోకి రానివ్వవద్దు, దాని మూలజాతి అయిన పంపర పనస విషయంలోనూ జాగ్రత్త పడండి.

జవాబు: యారా తీరం (మెల్‌బోర్న్)

మా ప్రాంతంలో మొక్కల నుంచి తీసిన స్టెరాల్స్ (పేగులో కొలెస్ట్రాల్ ఒంటికి పట్టకుండా అడ్డుపడే పదార్థాలు) కలిపిన పాలు దుకాణాలలోనే దొరుకుతాయి, స్మూతీకి వాటినే వాడుతున్నాను. రోజుకు 2 గ్రాముల స్టెరాల్స్‌తో ఎల్‌డీఎల్ 8 నుంచి 10 శాతం వరకు తగ్గవచ్చు. విదేశాలలో ఉండి ఈ చర్చ చదివేవారికి ఒక సూచన: ఇక్కడి నివేదికలలో కొలమానం వేరు (mg/dL బదులు mmol/L), గోదావరి గట్టు గారు రాసిన 148 మాకు సుమారు 3.8 అవుతుంది.

టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం ఓట్స్, బార్లీ వంటి కరిగే పీచు, సోయా, బాదం, స్టెరాల్స్ అన్నిటినీ కలిపి ఇచ్చి 2003లో ఫలితాలు ప్రకటించింది. నాలుగు వారాలలో ఎల్‌డీఎల్ దాదాపు 29 శాతం తగ్గింది, లోవాస్టాటిన్ అనే స్టాటిన్ మాత్ర ఇచ్చినవారిలో 31 శాతం తగ్గింది. అయితే అక్కడ భోజనం అంతా వారే సమకూర్చారు. ఎవరింట్లో వారు సలహా ప్రకారం వండుకున్నప్పుడు ఆరు నెలల తరువాత తగ్గుదల 13 శాతం దగ్గర నిలిచిందని అదే బృందం 2011లో తెలిపింది. నాకు రెండవ సంఖ్యే నమ్మదగినదిగా అనిపిస్తుంది, ఎందుకంటే మనం ఉండేది మన ఇళ్ళలోనే.

గోదావరి గట్టు (ప్రశ్న వేసినవారు)

ఇంత ఓపికగా వివరించిన అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి జామ, ఓట్స్ కలిపినది ఇచ్చి చూశాము. తీపి లేదని సగం గ్లాసు వదిలేశారు. ఖర్జూరం ఒక్కటైనా వేయవచ్చునా? ఈ గ్లాసును మునుపటిలాగే టిఫిను తరువాత ఇవ్వాలా, లేక టిఫినుకు బదులుగా ఇవ్వాలా?

జవాబు: తార్నాక వాసి

ఒక ఖర్జూరం వేయండి, నాలుగు నుంచి ఒకటికి దిగడమే పెద్ద మార్పు. రెండవ ప్రశ్న మాత్రం చాలా ముఖ్యమైనది. నాలుగు ఇడ్లీలు తిన్నాక ఈ గ్లాసు కూడా తాగితే అది అదనపు ఆహారమే అవుతుంది, బరువు పెరిగి ట్రైగ్లిజరైడ్లు అక్కడే ఉంటాయి. గ్లాసుతోపాటు ఒక పెసరట్టు చాలు, అదీ తక్కువ నూనెతో. పీచు ఒకేసారి పెరిగితే కడుపు ఉబ్బుతుంది కనుక మొదటి వారం ఓట్స్ సగమే వేసి, తరువాత పెంచండి. రెండవసారి పరీక్షకు వెళ్ళినప్పుడు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) కూడా చూడమని అడగండి. థైరాయిడ్ మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది, అటువంటప్పుడు ఏ గ్లాసూ దానిని దించలేదు. అప్పటికీ ఎల్‌డీఎల్ తగినంత తగ్గక డాక్టరు గారు మాత్ర రాస్తే వాయిదా వేయవద్దు. మధ్యస్థ మోతాదు స్టాటిన్ 30 శాతానికి పైగా తగ్గిస్తుంది, ఓట్స్ ఒక్కటే ఇవ్వగలిగినది 148 మీద ఏడు నుంచి పది అంకెలు.

జవాబు: వంటింటి లెక్క

నాన్నగారికి తీపి తగ్గించినది నచ్చకపోతే తీపి అన్న ఊసే లేకుండా చేసి చూడండి. నానిన ఓట్స్‌ను పలచటి మజ్జిగలో వేసి, చిన్న అల్లం ముక్క, సగం కీర దోసకాయ, కొత్తిమీర, నాలుగు కరివేపాకు రెబ్బల ఆకులు చేర్చి మెత్తగా తిప్పి, పైన వేయించిన జీలకర్ర పొడి, నిమ్మరసం వేయండి. తీపి గ్లాసుతో పోల్చుకునే అవకాశం ఉండదు కనుక మా ఇంట్లో పెద్దలు దీనికే సులభంగా అలవాటుపడ్డారు. ఆయనకు రక్తపోటు ఉన్నది కనుక ఉప్పు చిటికెడు దాటనివ్వకండి. అవిసె పొడి ఇందులో కూడా బాగానే కలుస్తుంది, అయితే ఉప్పు, కారం కలిపి దంచిన అవిసె కారప్పొడి కాకుండా విడి పొడినే వాడండి.