అప్‌డేట్: నడుస్తూ నడుస్తూ ఆగిపోతున్న బైక్, తప్పు బ్యాటరీది కాదు

గంటసేపు నడిపాక హెడ్‌లైట్ మసకబారి, ఇంజన్ ఆగిపోయి, సెల్ఫ్ కొడితే టక్ టక్ అనడం తప్ప ఏమీ రావట్లేదని పోయిన నెల అడిగాను కదా, చీకట్లో రోడ్డు పక్కన రెండు గంటలు నిలబడిపోయానని. సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా "కొత్త బ్యాటరీ కొనేముందు ఇంజన్ ఆన్‌లో ఉండగా వోల్టేజ్ చూడండి" అన్నవారికి.

బ్యాటరీకి మల్టీమీటర్ (వోల్టేజ్ కొలిచే మీటర్) పెట్టి చూశాను. ఇంజన్ ఆపి ఉంటే 12.5 వోల్టులు, స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ ఇచ్చినా 12.1 దాటలేదు. ఛార్జింగ్ సరిగ్గా ఉంటే 13.5 నుంచి 14.5 మధ్య చూపించాలి. అంటే బ్యాటరీలో ఉన్న కాస్త కరెంటుతోనే బండి నడుస్తోంది, అది అయిపోగానే ఆగిపోతోంది.

మెకానిక్ సైడ్ కవర్ తీసి, స్టేటర్ (ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే కాయిల్) నుంచి రెగ్యులేటర్‌కి (ఆ కరెంటుని బ్యాటరీకి సరిపడేలా మార్చే భాగం) వెళ్లే మూడు వైర్ల కనెక్టర్‌ని బయటికి లాగారు. చూడగానే గుండె ఝల్లుమంది. తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ఒక మూల కరిగిపోయింది, ఒక పిన్ నల్లగా మాడిపోయి ముట్టుకుంటే పొడి రాలింది. తుప్పు పట్టి పిన్ వదులైతే అక్కడే వేడి పుట్టి ఇలా అవుతుందట. స్టేటర్ బాగానే ఉంది, రెగ్యులేటర్ మాత్రం పోయింది. రెగ్యులేటర్, కనెక్టర్ రెండూ మార్చారు, ఇప్పుడు 14.1 వస్తోంది.

కొందరు అనుమానించిన స్పార్క్ ప్లగ్, ట్యాంక్ మూత, ఫ్యూయల్ పంప్ వీటికీ దీనికీ సంబంధం లేదు, అసలు పెట్రోల్ అందకపోతే లైట్ మసకబారదు కదా, ఆ గుర్తు నేనే పట్టించుకోలేదు. పాత బ్యాటరీనే ఫుల్ ఛార్జ్ చేసి పెట్టాం. నిన్న మూడు గంటలు ఏకధాటిగా నడిపాను, ఎక్కడా ఆగలేదు.