డ్రాప్‌డౌన్‌లో పేరు, ఊరు, బాకీ మూడూ వరసగా రావాలంటే (విన్‌ఫామ్స్)

నరసన్నపేట_డెవ్:

నమస్తే అండి. ఎరువుల కొట్టుకి బిల్లింగ్ ప్రోగ్రామ్. సీషార్ప్, విన్‌ఫామ్స్ (విండోస్ స్క్రీన్లు చేసే పద్ధతి), వెనక డేటాబేస్‌గా ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్. బిల్లు స్క్రీన్‌లో రైతుని ఎంచుకునే కాంబోబాక్స్ దగ్గర ఆగింది. మన వైపు సంగతి తెలిసిందే కదా, అప్పలనాయుడు అని కొడితే పది మంది దిగుతారు. పక్కనే ఊరు, పాత బాకీ కనబడకపోతే ఒకరి యూరియా ఇంకొకరి ఖాతాలో పడుతుంది.

మూడింటినీ ఒకే స్ట్రింగ్‌గా కలిపి మధ్యలో ప్యాడ్‌రైట్‌తో చెప్పిన పొడవు వచ్చేదాకా ఖాళీలు నింపాను, అక్షరాలన్నీ ఒకే వెడల్పుండే కన్సోలాస్ ఫాంట్ పెట్టాను. ఇంగ్లీషు పేర్లకి వరస కుదురుతోంది, తెలుగు పేర్లకి మెట్లు మెట్లుగా వస్తోంది. బయటి కంట్రోల్ కొనకుండా దారి ఉందా? ఎంచుకున్నాక కస్టమర్ ఐడీ చేతికి రావాలి.

నాగావళి_నెట్:

ఖాళీలతో ఇది ఎప్పటికీ కుదరదండి. ప్యాడ్‌రైట్ లెక్కపెట్టేది కంటికి కనిపించే అక్షరాల్ని కాదు, యూనికోడ్ క్యారెక్టర్లని. ‘శ్రీకాకుళం’ చూపుకి నాలుగక్షరాలే, లెంగ్త్ అడిగితే 10 అంటుంది. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, అలా అన్నీ విడివిడిగా లెక్కే. ‘పలాస’కి 4. పైగా కన్సోలాస్‌లో తెలుగే లేదు. విండోస్ వేరే ఫాంట్ నుంచి తెచ్చి చూపిస్తుంది, అందులో ఒక్కో అక్షరానిది ఒక్కో వెడల్పు.

కాలమ్స్ మనమే గీసుకోవాలి. డ్రామోడ్‌ని ఓనర్‌డ్రాఫిక్స్‌డ్, డ్రాప్‌డౌన్‌స్టైల్‌ని డ్రాప్‌డౌన్‌లిస్ట్ చెయ్యండి. డ్రాఐటెమ్ ఈవెంట్‌లో మొదటి లైను: ఇండెక్స్ మైనస్ 1 అయితే రిటర్న్. ఏమీ ఎంచుకోనప్పుడు కూడా ఆ ఈవెంట్ వస్తుంది, ఈ లైను లేకపోతే ప్రోగ్రామ్ అక్కడే పడిపోతుంది. తర్వాత డ్రాబ్యాక్‌గ్రౌండ్ పిలిచి, ఆ ఐటెమ్‌ని డేటారోవ్యూగా (టేబుల్‌లోని ఒక వరస) తీసుకుని, బౌండ్స్‌ని మూడు రెక్టాంగిల్స్‌గా కొయ్యండి. పేరుకి 180 పిక్సెల్స్, ఊరికి 130, బాకీకి 90తో మొదలుపెట్టి చూసుకోండి. ఒక్కో దాన్లో టెక్స్ట్‌రెండరర్‌తో రాయాలి. రంగు ఈవెంట్ ఇచ్చే ఫోర్‌కలరే వాడండి. నలుపని రాసేస్తే ఎంచుకున్న వరసలో నీలం మీద నలుపు పడి చదవలేరు.

ఫ్లాగ్స్: సింగిల్‌లైన్, వర్టికల్‌సెంటర్, ఎండ్‌ఎలిప్సిస్, నోప్రిఫిక్స్. చివరిది చాలామంది వదిలేస్తారు, అప్పుడు ‘రావు & సన్స్’లో & మాయమైపోతుంది. బాకీకి వీటితోపాటు రైట్ ఫ్లాగ్ కూడా. అంకెలు కుడికి ఆనితేనే 850, 8,500 ఒక్క చూపులో తేడా తెలుస్తాయి. టిఇ-ఐఎన్ (భారత తెలుగు) కల్చర్‌తో ఎన్0 (దశాంశాలు లేని) ఫార్మాట్ ఇస్తే 1,25,000 అని మన పద్ధతిలో కామాలు పడతాయి.

డ్రాప్‌డౌన్‌విడ్త్ 400 ఒక్కటే ఇస్తే చాలదు, సిస్టమ్‌ఇన్ఫర్మేషన్‌లోని వర్టికల్‌స్క్రోల్‌బార్‌విడ్త్ కూడా కలపండి. లేకపోతే స్క్రోల్‌బార్ వచ్చినప్పుడు బాకీ చివరి అంకెలు దాని వెనక్కి పోతాయి. సున్నా కనబడని బాకీతో తగువులే!

మూసి ఉన్న పెట్టెలో అంత చోటుండదు. స్టేట్‌లో కాంబోబాక్స్‌ఎడిట్ ఉందేమో చూసి, ఉంటే పేరు, ఊరు మాత్రం గియ్యండి.

బొబ్బిలి_వీణ:

పైన చెప్పింది సరిగ్గా ఉంది. ఒక మెలిక మాత్రం ఉంది. టైప్ చేస్తూ వెతకాలని రేపు ఆటోకంప్లీట్ పెడతారు. ఆ సూచనల జాబితా మీ డ్రాఐటెమ్‌ని పట్టించుకోదు, డిస్‌ప్లేమెంబర్‌లో (జాబితాలో చూపించడానికి ఇచ్చిన కాలమ్) ఉన్న మాట ఒక్కటే చూపిస్తుంది. అందులో ఇద్దరు అప్పలనాయుళ్ళు ఉంటే మీరు ఎవర్ని నొక్కినా పేరు కలిసిన మొదటివాడే ఎంపికవుతాడు. ఎర్రర్ ఏదీ రాదు, బిల్లు తప్పు ఖాతాకి పోతుంది.

అందుకని డేటాటేబుల్‌లో ఎక్స్‌ప్రెషన్‌తో ఇంకో కాలమ్ చేసి, పేరు, ఊరు, కార్డు నంబరు కలిపి దాన్నే డిస్‌ప్లేమెంబర్‌గా ఇవ్వండి. జిల్లా పేరు మాత్రం అందులో నేరుగా రాయొద్దు, మండలం టేబుల్ నుంచి రానివ్వండి. 2022 ఏప్రిల్‌లో రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకి పోయింది. అలాంటిది మళ్ళీ జరిగితే ఒక్కచోట మారిస్తే సరిపోవాలి.

నరసన్నపేట_డెవ్:

వరస చక్కగా కుదిరింది, చాలా థాంక్సండి. రెండు తేడాలు మిగిలాయి. ‘లక్ష్మి’లో ఒత్తు కింద సగం తెగిపోతోంది. ఫామ్ తెరవగానే సెలెక్టెడ్‌వాల్యూని ఇంట్‌కి మార్చే చోట కాస్ట్ ఎర్రర్ వస్తోంది.

నాగావళి_నెట్:

ఒత్తు తెగేది ఫాంట్ వల్ల. కాంబో ఫాంట్ తెలుగు లేనిది కాబట్టి వరస ఎత్తు దాని కొలతకే వచ్చింది, ఒత్తులు అంతకంటే కిందకి దిగుతాయి. ఫాంట్‌ని నేరుగా నిర్మలా యూఐ 10 పాయింట్లు చేసి, ఐటెమ్‌హైట్‌ని ఫాంట్ హైట్ ప్లస్ 4 ఇవ్వండి. గౌతమిని నమ్ముకోకండి. విండోస్ 10లో అది విడిగా దించుకోవాల్సిన తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్‌లో ఉంది, కొట్టువాళ్ళ కంప్యూటర్‌లో ఉండకపోవచ్చు.

కాస్ట్ ఎర్రర్ వరస తప్పడం వల్ల. డేటాసోర్స్ ముందు ఇచ్చి వాల్యూమెంబర్ (ఐడీ ఉన్న కాలమ్) తర్వాత ఇస్తే, ఆ మధ్యలోనే సెలెక్టెడ్‌ఇండెక్స్‌ఛేంజ్డ్ పేలుతుంది. అప్పుడు సెలెక్టెడ్‌వాల్యూ ఐడీ కాదు, మొత్తం డేటారోవ్యూ. డిస్‌ప్లేమెంబర్, వాల్యూమెంబర్ ముందు, డేటాసోర్స్ చివర. మనిషి ఎంచుకున్నప్పుడే పని జరగాలంటే సెలెక్షన్‌ఛేంజ్‌కమిటెడ్ వాడండి.

చీపురుపల్లి_డేటా:

ఇదే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫామ్‌లో అయితే గీత పని లేదు. కాలమ్‌కౌంట్ 4, కాలమ్‌విడ్త్స్ 0;5;3.5;2.5 సెంటీమీటర్లు, బౌండ్‌కాలమ్ 1, లిస్ట్‌విడ్త్ 11.5. సున్నా వెడల్పు ఉన్నది ఐడీ, కనబడదు. బౌండ్‌కాలమ్ 1 నుంచి లెక్క, కోడ్‌లో కాలమ్ ప్రాపర్టీ 0 నుంచి లెక్క. ఊరు కావాలంటే కాలమ్(2).

రైతులు వేలల్లో ఉంటే మాత్రం నా ఓటు డ్రాప్‌డౌన్‌కి కాదు. ఒక టెక్స్ట్‌బాక్స్, కింద డేటాగ్రిడ్‌వ్యూ. రెండో అక్షరం నుంచి వెతికించి, క్వెరీలో టాప్ 50 పెట్టి, ప్రతి నొక్కుకీ సర్వర్‌కి పోకుండా టైమర్‌తో 300 మిల్లీసెకన్లు ఆపండి. ఎస్‌క్యూఎల్‌లో ఆ పేరు కాలమ్ ఎన్‌వార్‌చార్ (యూనికోడ్ దాచే రకం) అయ్యుండాలి, తెలుగు స్ట్రింగ్‌ని పారామీటర్‌గానే పంపాలి. నేరుగా కోట్స్‌లో పెట్టి ముందు ఎన్ వదిలేస్తే సర్వర్ దగ్గర తెలుగంతా ప్రశ్నార్థకాలైపోయి ఒక్క పేరూ దొరకదు.