సేవ క్రిస్మస్‌కేనా?

ప్రైజ్ ది లార్డ్ అండి. మాది గుంటూరు. మా సంఘం యూత్ క్రిస్మస్‌కి దుప్పట్లు పంచుద్ది, ఫోటోలు దిగుద్ది, మళ్ళీ డిసెంబర్ దాకా అంతే. సేవ వారం వారం అలవాటవ్వాలంటే ఎట్లా?

>> జీజీహెచ్‌కి, అదే మన గుంటూరు పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి బ్రదర్. ఊళ్ళ నుంచి వచ్చినోళ్ళకి ఓపీ చీటీ ఎక్కడ రాయించాలో, స్కానింగ్ ఏ వైపో తెలీక చేతిలో కాగితాలు పట్టుకుని తిరుగుతుంటారు, పక్కనుండి చూపిస్తే చాలు, చందాలు కూడా అక్కర్లా.

>> బైబిల్లో మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఆకలిగొన్నవాళ్ళున్నారు, రోగులున్నారు, చెరసాలలో ఉన్నవాళ్ళున్నారు, ఫ్లెక్సీ మాత్రం లేదు 😀

>> అమెరికా మిషనరీ కుగ్లర్ డాక్టరమ్మ గుంటూరొచ్చింది 1883లో, ఆసుపత్రి తెరిచింది 1898లో. అన్నేళ్ళూ పేషెంట్లని చూస్తూనే ఉంది. మీరు ఇద్దరితో మొదలెట్టండి, గుంపుగా వెళ్తే సెక్యూరిటీ వాళ్ళు ఆపుతారు.

సరే అండి, ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్తాం.

>> ఆదివారం ఓపీ ఉండదు తమ్ముడూ, సోమవారం పొద్దున్నే వెళ్ళండి.