ఓట్లు తక్కువ పడితే ప్రతిపక్షానికి బలం లేనట్టేనా?

కోనసీమ కౌలురైతు:
నిన్న సాయంత్రం మా ఊరి కాలవ గట్టు మీద టీ కొట్టు దగ్గర పెద్ద వాదన నడిచింది. 2021లో గెలిచిన పంచాయతీ, పరిషత్ పాలకవర్గాల ఐదేళ్ళ గడువు 2026తో తీరుతుంది కదా, అందుకని ఎక్కడ నలుగురు కూర్చున్నా స్థానిక ఎన్నికల మాటే. అలా మాట 2021 ఏప్రిల్ 8 నాటి ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికల మీదికి, అంటే మండల, జిల్లా పరిషత్ సభ్యుల ఎన్నికల మీదికి వెళ్ళింది. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న తెలుగుదేశం పార్టీ పోలింగుకు ఆరు రోజుల ముందు మేం బహిష్కరిస్తున్నాం అని ప్రకటించింది. అంతకు ముందు ఫిబ్రవరిలో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో నాలుగు విడతల్లోనూ 80 శాతం పైన ఓట్లు పడ్డాయి. ఏప్రిల్లో 60 శాతం దాటి ఆగిపోయింది.

కొట్టు దగ్గర ఒకాయన, "రానివాళ్ళంతా మావాళ్ళే, ఆ ఇరవై శాతం మా బలమే" అన్నాడు. ఇంకొకాయన, "బలం ఉంటే వచ్చి గుద్దేవాళ్ళు, రాలేదంటే లేదనే అర్థం" అన్నాడు. నేను రెండో ఆయన వైపే. కారణం చెబుతాను. నామినేషన్లు 2020 మార్చిలోనే పడ్డాయి, కరోనా వల్ల ఎన్నిక ఆగి ఏడాది తర్వాత జరిగింది. కాబట్టి బహిష్కరించినా బ్యాలెట్ మీద సైకిల్ గుర్తు అలాగే ఉంది. కోపం నిజంగా ఉన్నవాడు నాయకుడు వద్దన్నా వచ్చి ఆ గుర్తు మీద ముద్ర వేసేవాడు. కొన్నిచోట్ల వేశారు కూడా, ఆ పార్టీకి కొన్ని ఎంపీటీసీలు వచ్చాయి. మన వైపే కడియం, వీరవాసరం జడ్పీటీసీలు జనసేన గెలిచింది. పోటీకి నిలబడినవాళ్ళకు ఓట్లు పడ్డాయి, ఇంట్లో కూర్చున్నవాళ్ళకు పడలేదు. ఇంట్లో కూర్చున్న ఓటును ఎవరి ఖాతాలో రాస్తాం? మీరంతా ఏమంటారు?

రిటైర్డ్ మాస్టారు, పాలకొల్లు:
బాబూ, ఆ రెండు ఎన్నికల్లోనూ నేను డ్యూటీ చేశాను. రెండుసార్లూ ప్రిసైడింగ్ ఆఫీసర్నే. ఊళ్ళు వేరు, మండలం ఒకటే. చూసింది చెబుతాను, తర్వాత మీరు తేల్చుకోండి.

ఫిబ్రవరిలో పోలింగు పొద్దున్న ఆరున్నరకే మొదలు. మేము బాక్సు సీలు వేస్తుండగానే బయట స్కూలు గేటు దాకా లైను. ముసలివాళ్ళను ఆటోల్లో దింపుతున్నారు, నడవలేని మామ్మను ఇద్దరు కుర్రాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. ఎవరు రాలేదో, ఎవరు ఇంకా పొలంలోనే ఉన్నారో ఏజెంట్లు గంటగంటకీ లిస్టు మీద టిక్కులు పెట్టుకుని చూస్తున్నారు. ఆ లిస్టు బయటికి వెళ్ళగానే ఓ మోటారు సైకిల్ బయలుదేరేది, పావుగంటలో ఇద్దరిని ఎక్కించుకొచ్చేది. మధ్యాహ్నం ఒంటిగంటకే మా బూత్‌లో ముప్పాతిక మంది వేసేశారు.

ఏప్రిల్లో అదే మండలంలో ఇంకో ఊరు. ఏజెంట్ల బెంచీ మీద ఒక వైపు ఖాళీ. ఎవరూ చీటీలు పంచలేదు, ఎవరూ ఆటో పెట్టలేదు. పదకొండు దాటాక గంటకు పది మంది కూడా రాలేదు. ఫ్యాను కింద కూర్చుని రిజిస్టరు రాసుకున్నాం. వచ్చినవాళ్ళలో ఒకాయన సంతకం పెడుతూ, "మాస్టారూ, మమ్మల్ని రమ్మని అడిగినవాళ్ళే లేరండి" అన్నాడు. అదేదో బాధ పడుతూ చెప్పినట్టు అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తు.

పల్లెల్లో ఓటు అనేది మనిషి తనంతట తాను నడిచొచ్చి వేసేది కొంతే. మిగతాది ఎవరో పిలిస్తే వేసేది. చీటీ ఇచ్చి, గుర్తు చేసి, బండి పెట్టి, "పిన్నీ, ఇంకా వెళ్ళలేదేం" అని గుమ్మంలో నిలబడి అడిగితే పడేది. బహిష్కరణ అంటే ఆ పిలుపు ఆగిపోవడం. పిలుపు ఆగితే శాతం పడిపోతుంది. అందులో ఆ మనిషికి ఆ పార్టీ మీద ఇష్టం ఉందా పోయిందా అన్నది ఏమీ తెలియదు.

ఇంకో రెండు సంగతులు కూడా కలపాలి. ఏప్రిల్ అంటే మన డెల్టాలో దాళ్వా కోతలు, రెండో పంట వరి చేతికొచ్చే రోజులు. చేను పండిపోయి ఉంటే, వాన పడుతుందేమోనని భయం ఉంటే, ఎంపీటీసీ కోసం కొడవలి కింద పెట్టి వచ్చే రైతు తక్కువ. సర్పంచ్ ఎన్నిక అయితే అలా కాదు, నిలబడినవాడు మేనమామో బావమరిదో అయి ఉంటాడు, వెళ్ళకపోతే ఇంట్లో గొడవ. ఇక కరోనా రెండో విడత అప్పుడే ఎత్తుకుంది. మాస్కులు పెట్టుకుని, చేతికి శానిటైజర్ రాసుకుని డ్యూటీ చేశాం. ముసలివాళ్ళు భయపడ్డారు.

అందువల్ల "ఆ ఇరవై శాతం మా బలమే" అన్నాయన మాటా తప్పే, "రాలేదంటే లేరనే" అన్న మీ మాటా తప్పే. రెండూ ఓటరు మనసులోకి తొంగి చూసినట్టు మాట్లాడుతున్నాయి.

భీమవరం చెరువుల నుంచి:
మాస్టారూ, మీరంటే గౌరవం, కానీ ఇక్కడ ఒప్పుకోను. పిలిచేవాళ్ళు ఉండటమే పార్టీ బలం అండి. ఏజెంటు బెంచీ ఖాళీగా ఉంటే బలం లేదనే. మనసులో ఇష్టం ఉండి బూత్‌లో మనిషి లేకపోతే ఆ ఇష్టం ఎందుకు పనికొస్తుంది? నా చెరువులో రొయ్య ఉందో లేదో వల వేస్తేనే తెలుస్తుంది. వల వేయకుండా "లోపల చాలా ఉంది" అంటే మా దగ్గర కొనేవాడు నమ్మడు.

పైగా మన పక్క తూర్పు గోదావరిలోనే తెలుగుదేశం సీనియర్ నాయకుడు జ్యోతుల నెహ్రూ గారు ఆ బహిష్కరణ నిర్ణయం నచ్చక పార్టీ ఉపాధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. కింద పనిచేసేవాళ్ళకు పోటీ చేయాలని ఉంది, పైవాళ్ళు వద్దన్నారు. పోటీ చేస్తే ఓడిపోతామని భయం లేకపోతే ఎందుకు వద్దంటారు?

ఇంకో లెక్క. 2021 అక్టోబరులో బద్వేలు ఉపఎన్నిక. తెలుగుదేశం, జనసేన రెండూ పోటీకి దిగలేదు. పోలింగు 68 శాతం, వైఎస్సార్సీపీకి 90,533 మెజారిటీ. అప్పుడు కూడా "రానివాళ్ళంతా మావాళ్ళే" అన్నారు. 2024లో రాష్ట్రమంతా గాలి తిరిగినా బద్వేలు మళ్ళీ వైఎస్సార్సీపీకే వచ్చింది. కనబడని ఓటు లేదనే కదా తేలింది?

రిటైర్డ్ మాస్టారు, పాలకొల్లు:
బద్వేలు చెప్పారు, సంతోషం. దాని పక్కనే నెల్లూరు జిల్లా ఆత్మకూరు పెట్టండి. 2022 జూన్ ఉపఎన్నిక. అక్కడా తెలుగుదేశం దిగలేదు. పోలింగు బద్వేలు కంటే ఇంకా తక్కువ, 64 శాతం. వైఎస్సార్సీపీ మెజారిటీ 82,888. రెండు చోట్లా చనిపోయిన ఎమ్మెల్యే కుటుంబంలోని వాళ్ళే నిలబడ్డారు కాబట్టి సానుభూతి కూడా ఒకేలా ఉంది. మరి 2024లో ఆత్మకూరు తెలుగుదేశానికి వెళ్ళిపోయింది, ఆనం రామనారాయణ రెడ్డి గారు గెలిచారు. రెండు నియోజకవర్గాల్లో ఒకే పరిస్థితి, ఒకే రకం తక్కువ పోలింగు. రెండేళ్ళలో ఒకటి ఇటు, ఒకటి అటు. పోలింగు శాతం చూసి ఏది ఎటు పోతుందో 2022లో ఎవరైనా చెప్పగలిగేవారా?

మీ రొయ్యల పోలిక నాకు నచ్చింది. కానీ వల వేయని రోజున చెరువు ఖాళీ అని కూడా రాయలేం కదా. తెలియదు అని రాస్తాం. నేను అడిగేదల్లా ఆ "తెలియదు" అన్న మాటకు చోటు ఇవ్వమని.

పిలిచే మనుషులు ఉండటం బలం అన్నారు, ఆ మాట నేను కాదనను. అది ఒక రకం బలం. ఆ రోజున ఆ పార్టీకి అది మా మండలంలో లేదు, కళ్ళారా చూశాను. ఎందుకు లేదంటే భయం వల్లా, పైనుంచి వద్దనడం వల్లా, కేడర్ నీరసపడటం వల్లా అన్నది ఊరూరికీ మారుతుంది.

మలికిపురం అమ్మాయి:
అందరూ శాతం శాతం అంటున్నారు, శాతం దేని మీద వేస్తున్నారో ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మ కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళి పదకొండేళ్ళు. ఆమె పేరు మా ఊరి లిస్టులో ఇప్పటికీ ఉంది. మా వీధిలో పదహారు ఇళ్ళు ఉంటే తొమ్మిది ఇళ్ళలో ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉన్నారు, కువైట్, మస్కట్, దుబాయ్. విదేశాల్లో ఉన్నవాళ్ళు ఓటు వేయాలంటే స్వయంగా ఊరికి రావాల్సిందే, పోస్టల్ బ్యాలెట్ లేదు. ఎంపీటీసీకి ఓటు వేయడానికి నలభై వేలు పెట్టి టికెట్ కొని ఎవరు వస్తారు? అమ్మ రాని ఓటును "బహిష్కరణ విజయం" అని ఒకరు, "ప్రతిపక్షం మీద విసుగు" అని ఇంకొకరు లెక్కేసుకుంటుంటే నాకు కష్టంగా ఉంటుంది. ఆమె అక్కడ పని మానలేక రాలేదు. అంతే.

ఒక మాట మాత్రం నిజాయితీగా ఒప్పుకోవాలి. ఫిబ్రవరిలో కూడా అమ్మ కువైట్‌లోనే ఉంది, ఏప్రిల్లో కూడా అక్కడే ఉంది. కాబట్టి ఆ రెండు నెలల్లో పడిపోయిన ఇరవై శాతానికి మా అమ్మ లాంటివాళ్ళు కారణం కాదు. శాతం ఎప్పుడూ నూటికి ఎందుకు చేరదో చెప్పడానికే ఈ లెక్క పనికొస్తుంది.

హైదరాబాద్‌లో ఉంటున్న రావులపాలెం వాణ్ణి:
నేను కూకట్‌పల్లిలో ఉంటాను, ఓటు ఊళ్ళో ఉంది. 2024 మే 13న ఓటు వేయడానికి రెండు రోజుల ముందే బయలుదేరాను. బస్సులో నిలబడి వచ్చినవాళ్ళు ఉన్నారు, సీట్ల కోసం టెన్షన్ పడి పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ ఎన్నికలో రాష్ట్రంలో 81.86 శాతం పోలింగు. అదే రోజు హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 48 శాతం. అక్కడి తక్కువ పోలింగును కూడా ఏదో ఒక పార్టీ ఓటమికో గెలుపుకో గుర్తు అని రాస్తుంటారు. నగరంలో ఓటు ఉండి మనసు ఊరిమీద ఉన్నవాడు, సెలవు దొరికిందని ఎటో వెళ్ళినవాడు, ఇల్లు మారి లిస్టు మారనివాడు, అందరూ అందులో ఉన్నారు.

పరిషత్‌కు నేను రాలేదు. మా బ్యాచ్‌లో ఎవరూ రాలేదు. మేము ఏ పార్టీ అన్నది ఆ రోజు లెక్కలో లేదు. 2024లో వచ్చినప్పుడు అందరం ఒకే పార్టీకి వేశామని కూడా అనను, నా పక్క సీట్లో వచ్చిన అన్నయ్య నాకు వ్యతిరేకంగానే వేశాడు.

భీమవరం చెరువుల నుంచి:
సరే, ఆత్మకూరు సంగతి నేను మర్చిపోయాను. ఒప్పుకుంటున్నాను. కానీ ఒక ప్రశ్న. ఇప్పుడు ప్రతిపక్షం మారింది. 2024లో పాత తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల 34 స్థానాలూ కూటమికే పోయాయి, వైఎస్సార్సీపీకి ఒక్కటి కూడా రాలేదు. 2025 ఫిబ్రవరిలో మన రెండు గోదావరి జిల్లాల పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఆ పార్టీ అభ్యర్థినే పెట్టలేదు, తెలుగుదేశం నుంచి పేరాబత్తుల రాజశేఖరం గారు గెలిచారు. రేపు స్థానిక ఎన్నికల్లో కూడా దూరంగా ఉండి, పోలింగు తగ్గితే, "మాస్టారు చెప్పినట్టు మా బలం లోపల ఉంది" అంటారు. అది కూడా ఒప్పుకోవాలా?

రిటైర్డ్ మాస్టారు, పాలకొల్లు:
అదే కొలత వాళ్ళకీ పెట్టాలి. 2021లో ఒక పార్టీకి ఒక నియమం, ఇప్పుడు ఇంకో పార్టీకి ఇంకో నియమం పెడితే మన వాదనకు విలువ ఉండదు.

"లోపల ఉంది" అని వాళ్ళు అంటే నమ్మనక్కర్లేదు. "వాళ్ళు అయిపోయారు" అని ఎదుటివాళ్ళు అంటే అదీ నమ్మనక్కర్లేదు. ఈ లెక్క చూడండి. 2019లో తెలుగుదేశానికి 23 సీట్లే వచ్చాయి, ఓట్లు మాత్రం 39.17 శాతం. 2024లో వైఎస్సార్సీపీకి 11 సీట్లే, ఓట్లు 39.37 శాతం. ఓడిన ప్రతిపక్షం రెండుసార్లూ నూటికి దాదాపు నలభై మందిని వెంట పెట్టుకునే ఉంది. 2021 ఏప్రిల్లో ఆ ఖాళీ బెంచీ చూసి నేను కూడా ఈ పార్టీ ఇక లేవదు అనుకున్నాను. మా స్టాఫ్ రూమ్‌లో పైకే అన్నాను. మూడేళ్ళకు అది తప్పని తేలింది. ఇప్పుడు మీరు అదే పొరపాటు ఇంకో వైపు నుంచి చేయకండి.

చూడాల్సింది జిల్లా శాతం కాదు. ఒకే ఊరిని తీసుకుని, ఎన్నిక ఎన్నికకూ ఏ వీధుల్లో ఓట్లు పడలేదో చూడాలి. ఒక పార్టీకి ఎప్పుడూ గట్టిగా పడే వీధిలోనే సగం మంది రాకపోతే అది ఆ పార్టీకి తగిలిన దెబ్బే, లేదా ఆ పార్టీ పిలుపు పనిచేసినట్టే. ఈ రెంటిలో ఏదో ఆ వీధివాళ్ళను అడిగితే తెలుస్తుంది. అన్ని వీధుల్లోనూ సమానంగా తగ్గితే అది ఎండో, కోతలో, కరోనానో.

కోనసీమ కౌలురైతు:
మాస్టారూ, నేను మొదట రాసినదాంట్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను. బ్యాలెట్ మీద గుర్తు ఉంది కాబట్టి కోపం ఉన్నవాడు వచ్చేవాడే అన్నాను. ఆ రోజు నేను కూడా కోతలోనే ఉన్నాను. మూడు ఎకరాలు కౌలు, మనుషులు దొరకలేదు, మా ఆవిడా నేనూ కోశాం. నాకు కోపం లేక కాదు వెళ్ళనిది. ఈ సంగతి నిన్న టీ కొట్టు దగ్గర నాకే గుర్తు రాలేదు.

మిగతా సగం మాత్రం నాదే. బూత్‌లో కూర్చోవడానికి ఒక మనిషిని పెట్టలేని పార్టీ ఆ ఊళ్ళో బలహీనంగా ఉన్నట్టే. అది ఏ పార్టీ అయినా.

మా ఊళ్ళో రెండు బూత్‌లు. పాత లిస్టులు పంచాయతీ సభ్యుడి దగ్గర ఉన్నాయి. వీధుల వారీగా కూర్చుని చూస్తాను.

మలికిపురం అమ్మాయి:
అన్నయ్యా, చూసేటప్పుడు ముందు ఊళ్ళో లేనివాళ్ళ పేర్లు పక్కన పెట్టండి. గల్ఫ్‌వాళ్ళు, హైదరాబాద్‌వాళ్ళు, పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లలు, చనిపోయినా పేరు తీయనివాళ్ళు. మా వీధి లెక్క నేను వేసి ఇక్కడే పెడతాను. అమ్మకు ఫోన్ చేసి అడిగాను, తన పేరు ఉంచమంది. వచ్చే ఎన్నికకైనా వస్తానంటోంది.