గ్లిజరినా, గ్లిసరినా?

పదచోరుడు: బూటకపు ఏడుపుని ‘గ్లిజరిన్ కన్నీళ్లు’ అంటాం కదా. దానికి ఎవరో వేమన పాదం అతికించగా విన్నాను. ‘...రుచుల జాడ వేరు’ అన్న ముక్కే గుర్తుంది. ఏడుపులో రుచి ఏమిటి? అన్నట్టు, రాయాల్సింది జ నా, స నా?

అరసున్న: స. ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రల్ పెట్టిన పేరు, అక్కడ స నే పలుకుతుంది. జ మన నోటి చలవ.

బండిర: మూలంలో సా లేదు, జా లేదు. గ్రీకు గ్లుకెరోస్, తియ్యనిది. అక్కడున్నది క. గ్లూకోజ్ దాన్ని నిలబెట్టుకుంది, ఇది పోగొట్టుకుంది. గ్లుకురిజా అంటే తీపి వేరు. దాన్నే మనవాళ్లు అతిమధురం అన్నారు. పేరు పెట్టడంలో మనమే ఒక మెట్టు పైన.

యతిమైత్రి: గ్లుకు, మన గుడం (బెల్లం) ఒక తల్లి బిడ్డలేమో?

బండిర: కాదండీ. గుడమంటే ముందు ముద్ద, తీపి తర్వాత అంటింది. గ్లుకుకి చుట్టమని చెప్పేది లాటిన్ దుల్కిస్‌ని, అదీ తియ్యనిదే.

అరసున్న: రుచి సంగతి తేలిగ్గానే ఉంది. 1779లో రసాయనవేత్త షీలే ఆలివ్ నూనెను లెడ్ ఆక్సైడ్‌తో కాచినప్పుడు దొరికిందిది, తియ్యగా. సబ్బు కాచినా కొవ్వులోంచి విడివడేది ఇదే. కన్నీరు ఉప్పన, ఇది తీపి. చెంప మీద రెండూ ఒక్కలాగే మెరుస్తాయి. ఉప్పూ కప్పురమూ మళ్లీ పుట్టాయన్నమాట! పైకి ఒకటిగా కనబడేవాటిని నాలుక మీద పెట్టి తేల్చినవాడు వేమన. ఆ ‘చూడ చూడ’లో రెండో చూడ కంటితో చూడడం కాదు, రుచి చూడడమని నా పట్టు.

యతిమైత్రి: మొదటిది కూడా ఎందుకు కాకూడదు? ‘చూడగా చూడగా’ అని కదా అన్వయం. ఇక జ–స పేచీ: ‘గ్లిజరిన్ను’ ఛందస్సులో సలం (రెండు లఘువులు, గురువు, లఘువు), ఇంద్రగణం. స పెట్టినా గణం చెక్కుచెదరదు. పాదం మొదట పడితే ఆ అక్షరం ప్రాసస్థానంలోకి, అంటే రెండో అక్షరం చోటికి, వస్తుంది, అయితే ఆటవెలదికి ప్రాస నియమం లేదు. వేమన్నకి ఎలాగైనా చెల్లు.

పదచోరుడు: మరి నేను ఏది రాయాలి?

బండిర: ముందు అరసున్న గారి తీపి తేలనివ్వండి. చుక్క చెంప మీద పెడితే సరే, చిక్కన కాబట్టి జారకుండా నిలుస్తుంది. కంటికే తగిలిస్తే? నీటిని లాక్కునే గుణం దానిది. టూత్‌పేస్టుని ఎండనివ్వనిదీ, పెదాలకి తడి పట్టేదీ అదే గుణం. కన్ను మండుతుంది, అసలు కన్నీళ్లే కారతాయి. అవి ఉప్పనే కదా!

అరసున్న: ఉప్పులో కలిసిన తీపి అనండి.

యతిమైత్రి: అయితే ‘జాడ వేరు’ అన్నది పోయినట్టే.