నందన నామ సంవత్సరం దస్తావేజు: 1832నా, 1892నా?

ప్రశ్న (లంకపొలం):
మాది రాజోలు దగ్గర. మా ముత్తాత తండ్రి పేరున్న క్రయ దస్తావేజు ఒకటి దొరికింది. పైన "నందన నామ సంవత్సర మార్గశిర బ ౫" (బహుళ పంచమి) అని ఉంది, ఇంగ్లీషు తేదీ లేదు. ఊరు "నగరం తాలూకా" అని రాశారు. ఇది ఏ ఏటిది? ఆయనకు పైతరాల పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

జవాబు (పాతకాగితం):
నగరం అంటే మీ రాజోలు తాలూకా పాత పేరే, ఊరు మారలేదు. నందన 1832–33లో వచ్చింది, మళ్లీ 1892–93లో వచ్చింది. ముందు కాగితం వెనక్కి తిప్పండి. సబ్‌రిజిస్ట్రారు ముద్ర, నంబరు, వాల్యూం, పేజీలు ఉంటే 1892దే. రిజిస్ట్రేషన్ చట్టం 1860లలో గానీ రాలేదు. ముద్ర లేనంత మాత్రాన 1832 అనుకోవద్దు, చిన్న మొత్తాల క్రయాలు రిజిస్టరు చేయించకుండా కూడా జరిగేవి. జిల్లా పేరు చూడండి: "గోదావరి జిల్లా" అని ఉంటే 1859 తర్వాతది, "రాజమండ్రి జిల్లా" అయితే అంతకు ముందుది.

ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) రాసి ఉంటే ఇంకా తేలిక. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. మీ మార్గశిరానికి 1242 ఉంటే 1832, 1302 ఉంటే 1892. ఫసలీ జూలైలో మారుతుంది, తెలుగు సంవత్సరం ఉగాదికి మారుతుంది. అందుకే అదే నందనలో వైశాఖం కాగితం మీద 1301 కనిపిస్తుంది. అది తప్పు కాదు. చేతిరాతలో తెలుగు అంకెలు ౨ (2), ౩ (3) ఒకలా ఉంటాయి, పక్క అంకెలతో పోల్చి చదవండి.

జవాబు (కరణంలెక్క):
రిజిస్టరు అయితే ఆ నంబరుతో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఒకటో పుస్తకం నకలుకు దరఖాస్తు పెట్టండి. స్థిరాస్తి దస్తావేజులు అందులోనే ఉంటాయి, ఎవరైనా రుసుము కట్టి తీసుకోవచ్చు. చెరిగిన చోట నకలులో స్పష్టంగా ఉండొచ్చు.

పైతరాలకు అసలు గని ఇనాం ఫెయిర్ రిజిస్టరు. మీ భూమి ఎప్పుడైనా ఇనాం (పన్ను లేకుండా గానీ తక్కువ పన్నుకి గానీ ఇచ్చిన భూమి) అయి ఉంటేనే పనికొస్తుంది. 1858లో ఇనాం కమిషన్ వేశారు. మొదట ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, వయసెంత, మొదటి ఇనాందారుకి ఏమవుతాడు, వారసులెవరు అన్నీ గడులవారీగా రాశారు. ఒక్క పేజీలో మూడు తరాలు దొరకొచ్చు. నేటి సర్వే నంబరు పట్టుకుని వెళితే కుదరదు. డైగ్లాట్‌లో (ఇంగ్లీషు, తెలుగు రెండింటిలో రాసిన సెటిల్మెంటు రిజిస్టరులో) పాత నంబరు, టైటిల్ డీడ్ (టి.డి.) నంబరు చూసుకుని, వాటితో కలెక్టరేట్‌లో గానీ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో గానీ అడగండి.

జవాబు (గోత్రనామం):
పేరు కలిసిందని మనిషి కలిసినట్టు కాదు. తాత పేరు మనవడికి పెట్టేవారు కాబట్టి ఒకే ఇంటిపేరు, ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. "ఫలానా వారి కుమారుడు" అన్న మాటతో పాటు హద్దులు కూడా కలవాలి. దత్తత అయితే ఇంటిపేరే మారిపోవచ్చు, ఇల్లరికంలో భూమి అత్తవారి వైపు నుంచి వస్తుంది. తండ్రి పేరు ఒక కాగితానికీ ఇంకో కాగితానికీ తేడా వస్తే ముందు దత్తతని అనుమానించండి.

పెద్దలెవరైనా గయ శ్రాద్ధానికి వెళ్లి ఉంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) పుస్తకాలు చూడాలి. వాటిని ప్రాంతాలవారీగా, ఊళ్లవారీగా పెడతారు. ఇంటిపేరు, గోత్రం, ఊరు మూడూ చెప్పాలి. ఊరు మీ కాగితంలో ఉన్నట్టే, నగరం తాలూకాతో కలిపి చెప్పండి.